సరుగుడు కర్రలు జరిపిన రోజు

ఆ ఏడు కార్తీక శుద్ధ అష్టమి నాడు ఉదయం ఆరూ ఇరవైకి, పౌర్ణమికి తాను స్నానం చేసే చోటు చూస్తానని వెంట వచ్చిన నా భార్య సుగుణ పడవలో ఫ్లాస్కు తెరిచి టీ పోసింది. అప్పుడు నేను ఓడరేవుల శాఖలో సర్వేయర్ని, మకాం రేపల్లె. నిజాంపట్నం అఖాతంలో, బాపట్ల వైపు ఒడ్డున, పౌర్ణమి స్నానాలకు వచ్చే జనం ఎంత దూరం దిగవచ్చో కర్రలు పాతి చూపించాలి. ఏడు రోజుల గడువు.

నీళ్లు కదలడం లేదు. మడ చెట్లు మంచులో సగమే కనిపిస్తున్నాయి. కొంగలు ఎగిరితే వాటి నీడలు పడవ కిందుగా పోయాయి. తాడుకు కట్టిన సీసపు గుండు వదిలి లోతు చూశాను. గుండు అడుగున పూసిన సబ్బుకు ఇసుకే అంటుకొచ్చింది, బురద లేదు. నడుము లోతు దగ్గర ఎర్రగుడ్డ కట్టిన సరుగుడు కర్రలు పాతించి, సాయంత్రానికి రిపోర్టు పంపాను.

ఒడ్డుకు వస్తున్నప్పుడే పడవ నడిపే పోలయ్య అన్నాడు: "మీ తాడు లోతు కొలుస్తది గానీ లాగుడు కొలవదు గదా సారూ. అష్టమి నాడు సముద్రం నిద్దరోద్ది. పున్నానికి లేస్తది."

రిపోర్టు వెనక్కి తీసుకుంటే పై అధికారి ముందు చులకనవుతానని నాలుగు రోజులు ఊరుకున్నాను. సుగుణ ఊరుకోలేదు. "మీరు సంతకం పెట్టారని సముద్రం ఆగుతుందేంటండి? ఆ కర్రల దగ్గర మునిగేది నేనే కదా" అంది.

త్రయోదశి నాడు, పాటు మొదలయ్యాక, అంటే నీళ్లు వెనక్కి తీసే వేళ, కర్రల పక్కన ఒక ఎండు కొబ్బరికాయ వదిలాం. అయిదు నిమిషాల్లో అది మొగ, అంటే పక్కనున్న పాయ సముద్రంలో కలిసే చోటు, దాటి లోపలికి కొట్టుకుపోయింది. పోలయ్య నవ్వలేదు. "కాయ పోతే పోయింది, అమ్మగారు ఇంకా గట్టు మీదే ఉన్నారు, అదే చాలు" అన్నాడు.

తప్పు నాదేనని రాసి, కర్రలను ముప్పై అడుగులు ఒడ్డు వైపు జరిపించాను. పౌర్ణమి నాడు సుగుణ మోకాలి లోతులో కూర్చుని చెంబుతో స్నానం చేసింది. అందరూ ఇళ్లకు చేరారు.

లోతు చోటును బట్టి ఉంటుంది, లాగుడు రోజును బట్టి. ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఫీల్డు బుక్కులో తేదీ పక్కన తిథి రాశాను. క్యాలెండరు చూసి చెప్పేది సుగుణ. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు లోతును యంత్రం చెబుతుంది. తిథి ఎవరూ రాయడం లేదు.