పెద్ద చక్రం, చిన్న చక్రం

మొన్న ఏలూరులో ఒక సైకిళ్ల షాపులో, సైకిలు వెనక తగిలించుకునే ట్రైలరు చూశాను. దాని చక్రాలు రెండూ ఒకే సైజులో ఉన్నాయి. నాకదే వింతగా కనిపించింది.

కైకలూరు దగ్గర మా అత్తవారికి చేపల చెరువుండేది. వానాకాలంలో గట్టు మీదికి ఆటో రాదు. మేత బస్తాలు చేరవేయడానికి మా మావగారు, రిటైరైన లెక్కల మేష్టారు, ట్రైలరు తయారుచేయడానికి పూనుకున్నారు. పాత ఇనపమంచం ఫ్రేము, చెరువు నీళ్లకి గాలి పట్టించే ఏరియేటరు చెడిపోతే దాని ఇరుసు, అటక మీది చెక్కలు. అంతవరకూ బాగానే ఉంది. చక్రాల దగ్గరే వచ్చింది తంటా. ఒకటి మావారి పాత సైకిలుది. రెండోది తాడేపల్లిగూడెం నుంచి నేను తెచ్చుకున్న లేడీస్ సైకిలుది. నన్ను మాటమాత్రం అడక్కుండా ఊడదీశారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

"బండి ఒరిగిపోతోందండీ మావయ్యగారూ" అన్నాను.

"ఒరగదమ్మా. మన గట్టు కాలవ వైపు పల్లం. పెద్ద చక్రం అటే. లెక్క సరిపోయింది."

"వెళ్లేటప్పుడు సరేనండీ, వచ్చేటప్పుడో?"

"వచ్చేటప్పుడు ఖాళీయే కదమ్మా!"

ఈ వాదన అన్నాల దగ్గర కూడా సాగేది. "మీ ఇద్దరి గోలకి చేపలు మేత మానేస్తాయి" అనేవారు మా అత్తగారు.

ఒక ముసురు రోజున ఆవిడే చెరువు దగ్గర జారిపడ్డారు. మడమ వాచిపోయి కాలు మోపలేకపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన ఆటో రోడ్డు మీదే ఆగిపోయింది. ఆవిడని ట్రైలరులో కూర్చోబెట్టి రోడ్డువైపు తిప్పామో లేదో, బండి కాలవ మీదికి వాలింది. "ఏవండీ, నన్ను కాలవలో కలిపేస్తారా!" అని ఆవిడ కేక. మావగారు బండిని రెండు చేతులా పట్టుకుని ఆపారు.

"బండిని మళ్లీ చెరువు వైపుకే తిప్పేయండి. వచ్చింది వచ్చినట్టే ఉంచండి" అని, ట్రైలరు వెనక కమ్మీని మావగారి సైకిలు కారియరుకి తాడుతో బిగించాను. పెద్ద చక్రం మళ్లీ పల్లం వైపుకొచ్చింది. నేను సైకిలు నడిపించాను, మావగారు వెనక కాపు కాశారు. అత్తగారు చెరువు వైపు చూస్తూ, వెనక్కి వెనక్కి, ఆటో దాకా నిలకడగా వచ్చారు.

"ఇప్పుడేమంటారండీ?" అన్నాను. ఊరుకుంటానా?

"ఏవంటాను? బండి రెండు వైపులా లాగొచ్చని తేలిందిగా!"

మర్నాడు ట్రైలరుకి వెనక కూడా ఒక కొక్కెం వెల్డింగు చేయించుకొచ్చారు. చక్రం మార్చకుండా కొక్కెం పెట్టించారని నేను నెలల తరబడి దెప్పాను. వాదనలో గెలిచింది నేనేనని, వచ్చేటప్పటి కోసమే పెట్టించిన ఆ కొక్కేనికి అర్థం అదేనని నాకు తట్టేసరికి ఇరవయ్యేళ్లు గడిచిపోయాయి.