భుజం కుట్టు వద్దన్నది నేనే

నా చిన్నప్పుడు నాకు కోపం వచ్చిందంటే వీధిలో వాళ్ళు పనులు మానుకుని అరుగుల మీదకు వచ్చి చూసేవారు. నోరు అంత పెద్దది. ఆ నోటితో చేసిన ఘనకార్యాలు చాలావరకు మర్చిపోయాను. ఒక్కటి మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మాది బందరు పక్కన పెడన. మా తాతయ్య అద్దకం పనివాడు, చెక్క అచ్చులతో గుడ్డల మీద పూలూ పిట్టలూ అద్దేవాడు. మా వీధికి కేబుల్ టీవీ వచ్చిన ఏడు, నా పదో పుట్టినరోజుకని గుడ్డ నిండా చిలకలు అద్ది తెచ్చి ఇచ్చాడు. చిలకలన్నీ ఒకే వైపు తలలెత్తి నిలబడి ఉండేవి. సరిగ్గా అప్పుడే ఒక వారపత్రికలో గౌను బొమ్మ నా కంటబడింది. దాని చేతులు చంక దగ్గర సంచిలా వెడల్పుగా మొదలై, పోనుపోను సన్నబడి, మణికట్టు దగ్గర బిగుతుగా పట్టేసి ఉన్నాయి. చేతులు చాపితే అచ్చం గబ్బిలం రెక్కలే. భుజం మీద కుట్టన్నదే లేదు. ఒంటికీ చేతులకీ, ముందుకీ వెనక్కీ అంతా ఒకటే గుడ్డ. నాకు అదే కావాలని పట్టుబట్టాను.

పక్కింటి అక్క అప్పుడే కొత్తగా కుట్టు మిషను పెట్టుకుంది. వాళ్ళ నాన్న పోయాక తల్లికీ తమ్ముడికీ ఆ మిషనే అన్నం పెడుతోంది. వీధిలో వాళ్ళు ఇప్పుడిప్పుడే నమ్మి జాకెట్టు గుడ్డలు ఇస్తున్నారు. ఆమె బొమ్మ చూసి, నా గుడ్డ అటూ ఇటూ తిప్పి చూసి, "ముందూ వెనకా విడిగా కత్తిరించి భుజం మీద కుట్టు వేస్తానే" అంది. నేను కాలు నేలకేసి కొట్టాను. బొమ్మలో కుట్టు లేదు, నా గౌనుకీ ఉండకూడదు. ఎందుకో చెప్పబోయింది. నేను చెవులు మూసుకుని ఏడుపు అందుకున్నాను. చివరికి సరే, నీ ఇష్టం అంది.

ఆదివారం పొద్దున అక్క నాకు గౌను తొడిగింది. చేతులు బొమ్మలో ఉన్నట్టే కుదిరాయి. రెండూ చాపుకుని వీధిలోకి పరిగెత్తాను. వెనక నుంచి ఎవరో నవ్వారు. "ఏమే, నీ వీపు మీద చిలకలు శీర్షాసనం వేశాయేం?" అంది ఎదురింటి అత్తయ్య. ఇంట్లోకెళ్ళి విప్పి చూసుకుంటే ముందున్న చిలకలు నిలబడి ఉన్నాయి, వెనకవన్నీ తలకిందులుగా వేలాడుతున్నాయి.

ఇంక నన్ను ఎవరు ఆపుతారు? మళ్ళీ తొడుక్కుని వీధి మధ్యకొచ్చి అక్కని నోటికొచ్చినట్టు తిట్టాను. చేతకానివాళ్ళకి కత్తెరెందుకు అన్నాను. మా తాతయ్య కష్టమంతా బుగ్గిపాలు చేసింది అన్నాను. "తలకిందుల టైలరు" అని పేరు పెట్టి, అది బాగుందని నలుగురూ నవ్వేసరికి మళ్ళీ మళ్ళీ అరిచాను. మెడలో టేపుతో ఆమె గుమ్మంలో నిలబడిపోయింది. మధ్యాహ్నంలోగా ముగ్గురు వచ్చి తామిచ్చిన జాకెట్టు గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. అది చూసి నాకు సంతోషం వేసింది. సిగ్గులేకుండా ఉన్నా ఆ మాటా చెప్పాలి.

భోజనానికి వచ్చిన తాతయ్య అంతా విన్నాడు. తిట్టలేదు. ఇంట్లో పడున్న అరిగిన చిలక అచ్చు ఒకటి తీసి, బొగ్గుపొడి నీళ్ళలో కలిపి, పాత పేపరు నా ముందు పరిచి అద్దమన్నాడు. వరసగా చిలకలు అద్దాను. ఆరాక పేపరు మధ్యకి మడతపెట్టి, మడత మీద తల పట్టేంత కత్తిరించి నా మెడలో వేశాడు. ముందు చిలకలు ఎలా ఉన్నాయని అడిగాడు. నిలబడి ఉన్నాయన్నాను. వెనక ఎలా ఉన్నాయన్నాడు. నా వీపు నాకెలా కనబడుతుంది? పేపరు తీసి తిప్పి చూపించాడు. తలకిందులు.

"ఇది ఎవరు కుట్టారే?" అన్నాడు. అప్పుడు చూశాను ఆయన కోపం. గొంతు పెంచలేదు, అద్దకం రంగు ఇంకిన వేళ్ళతో ఆ పేపరు ఉండచుట్టి అవతల పారేశాడు. "నా పిట్టల్ని తలకిందులు చేసింది ఆ పిల్ల కాదు, నువ్వు. ఆ గౌను వేసుకుని నా వెంట పద" అన్నాడు.

గుడ్డలు తీసుకుపోయిన మూడిళ్ళకీ నడిపించాడు. ప్రతి గుమ్మంలోనూ వెనక్కి తిరిగి వీపు చూపించి, "భుజం కుట్టు వద్దన్నది నేనే" అని చెప్పాలి. ఇద్దరు నవ్వి గుడ్డలు తిరిగి ఇచ్చారు. మూడో ఆవిడ తన గుడ్డ అప్పుడే బందరు టైలరుకి పంపేశానంది. ఆ రెండూ పట్టుకెళ్ళి అక్క చేతికిచ్చి, అందరికీ చెప్పొచ్చానన్నాను. ఆమె కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. "పొద్దున నీ అరుపు ఊరి చివర రైలు గేటు దాకా వినబడింది. అక్కడిదాకా వెళ్ళి చెప్పొచ్చావా?" అంది.

తరవాత ఆమె చేయి తిరిగిన టైలరైంది, గుడివాడలో సొంతంగా కొట్టు పెట్టింది. నేను పెట్టిన పేరు మాత్రం ఆమెని వదల్లేదు. ఆ పేరు అనేవాళ్ళలో సగం మందికి అది ఎందుకొచ్చిందో కూడా తెలియదు.

మొన్నామధ్య ఒక పెళ్ళి భోజనాల్లో నా పక్కనావిడ ఎదుటి బంతిలో కూర్చున్న అక్కని చూపించి, "తలకిందుల టైలరు ఆవిడేనటండీ" అని నవ్వింది. ముద్ద విస్తట్లో వదిలేసి లేచి నిలబడ్డాను. నలభై అయిదేళ్ళు వచ్చినా నోరు మాత్రం తగ్గలేదు. "ఆ పేరు పెట్టింది నేనండీ. తప్పు ఆవిడది కాదు, భుజం కుట్టు వద్దన్నది నేనే" అన్నాను. వడ్డించేవాళ్ళు కూడా ఆగి చూశారు.

అక్క విస్తట్లోంచి తలెత్తలేదు. అన్నం కలుపుకుంటూనే, "రైలు గేటు ఇంకా చాలా దూరముందే" అంది.

నిజమే. ఆ రోజు నా అరుపు వెళ్ళినంత దూరం నేనింకా వెళ్ళలేదు.