దీపాలవేళ కంచం

తెల్లదొరల కాలంలో కట్టిన రాతి హోటలు మాది. మదనపల్లె దాటి ఘాట్ రోడ్డెక్కితే కొండ మీద ఉంటుంది. బండలెక్కేవాళ్లు, ట్రెక్కింగ్‌కి వచ్చేవాళ్లే మా గిరాకీ. పుంగనూరు నుంచి కోడలిగా వచ్చిన నాకు అక్కడ మొదట నేర్పింది కంచాల పద్ధతి. పొద్దున లోయలోకి పోయేవాళ్లు భోజనాల బల్ల మీద తమ కంచం బోర్లించి పోవాలి. తిరిగొచ్చి తామే వెల్లకిలా తిప్పాలి. లోయలో సెల్‌ఫోన్ పలకదు. సాయంత్రం ఏ కంచమైనా బోర్లా ఉంటే మా ఆయన వెతకడానికి మనుషుల్ని పంపేవాడు. బెంగళూరు కుర్రాళ్లు నవ్వుకునేవాళ్లు, నవ్వుతూనే బోర్లించేవాళ్లు.

పోయిన వానాకాలం కుప్పం నుంచి ఒక కాలేజీ పిల్ల ఒంటరిగా వచ్చింది. మా అత్తకి తెగ నచ్చేసింది. నా మీద ఏనాడూ చూపని ముద్దుతో దగ్గర కూర్చుని సంగటి తినిపించింది. ఆ పిల్ల కంచం బోర్లించి లోయ దారి పట్టింది.

మా ఆయన మదనపల్లె మార్కెట్ నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది, వాన మొదలైంది. బల్ల మీద కంచాలన్నీ వెల్లకిలా ఉన్నాయి. అది చూసి, దారి తెలిసిన పనివాళ్లని ఇళ్లకు పొమ్మన్నాడు. అన్నానికి పిలవబోయిన నాకు ఆ పిల్ల గదికి వేసిన తాళం కనిపించింది. పరిగెత్తుకొచ్చి చెప్పాను.

“కంచం ఎవరు తిప్పినారు?” అన్నాడు మా ఆయన.

“నేనేప్పా,” అంది అత్త. “దీపాలు పెట్టే పొద్దుకి కంచం బోర్లా ఉంటే, ఆ మనిషికి ఈ ఇంట్లో ఇంక తిండి ఉండదంటారు. ఆ బిడ్డ సల్లంగా రావాలనే తిప్పినా. నువ్వు వస్తానే సెప్దామనుకుని, వంటింట్లో పడి మరిసిపోతి.”

నాకు ఒళ్లు మండింది. ఆమె మొహం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. పనివాళ్లు మళ్లీ వచ్చేసరికి వాన పెద్దదై, లోయలోకి దిగడం కుదరలేదు.

తెల్లారి ఆ పిల్ల ఒక బండ కింద దొరికింది. కాలు విరిగింది, ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. మంచం మీద మోసుకొచ్చారు. అంబులెన్స్ వచ్చేలోగా అత్త పక్కన కూర్చుని స్పూనుతో వేడినీళ్లు తాగించింది.

“శానా బయపడినావామ్మా?” అని అడిగింది.

“లేదవ్వా. నా కంచం బోర్లించే ఉండాది కదా, ఎట్లయినా వస్తారులే అని సూస్తా ఉంటిని.”

అత్త చెయ్యి ఆగిపోయింది.