మిట్టమధ్యాహ్నం సమాధుల తోటలో

మా మేనకోడలు సుజాత సంబంధం ఒక గోడ దగ్గర ఆగిపోయింది. ఆ గోడను చూసి రావడానికే ఈ ప్రయాణం.

అబ్బాయి పేరు ఆనంద్. నరసాపురం రేవు దాటాక, సఖినేటిపల్లి అవతల ఒక ఊళ్లో పశువుల ఆసుపత్రిలో పనిచేస్తాడు. వాళ్లు మొహమాటస్తులు కాబట్టి ఊరి పేరు రాయను. తల్లికి కంటి ఆపరేషన్ చేయించడానికి రాజమండ్రి వచ్చినప్పుడు, ఆ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న సుజాతను చూశాడు. సుజాత కూడా అతన్ని చూసింది. పాస్టరుగారి ద్వారా కబురొచ్చింది. అంతా బాగుందనుకుంటుండగా ఆ పాస్టరుగారే మాటవరసకు, "ఇల్లు భలే చల్లగా ఉంటుందండీ, సమాధుల తోట పక్కనే" అన్నారు.

మా అక్క కరుణమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. "దెయ్యాల పక్కన నా పిల్లని కాపురం పెట్టను" అంది. బావగారు, "మీ అక్క ఎలా అంటే అలాగే" అని చేతులెత్తేశారు. సుజాత ఎవరితోనూ మాట్లాడటం మానేసింది. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. దెయ్యాలు లేవని ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి. అందుకని ఇంటిల్లిపాదీ నావైపే చూశారు.

"వెళ్లి చూసొద్దామక్కా. చూశాక కూడా వద్దంటే నేనూ వద్దంటాను" అన్నాను.

"చూస్తే మిట్టమధ్యాహ్నం పన్నెండింటికే చూడాలి. అవి తిరిగే వేళ అదే" అంది అక్క.

అలా తొంభైల చివర్లో, ఒక రెండో శనివారం పొద్దున్న ఆరూ పదికి రాజమండ్రిలో నరసాపురం ప్యాసింజరు ఎక్కాం. వెళ్లదలచినవాళ్లు కాస్త ముందే వెళ్లి కిటికీ దగ్గర సీటు పట్టుకోండి. బ్రిడ్జి మీద ఉండగానే తెల్లగా తెల్లారింది. గోదావరి నిండా మంచు, మధ్యలో ఒకటీ అరా నాటుపడవలు. అక్క నదిని చూడలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

నిడదవోలులో ఎదుటి సీట్లోకి నరసాపురం వెళ్లే ఒకావిడ వచ్చి కూర్చుంది. ఒళ్లో దారపు ఉండ, చేతిలో సూది. మాట్లాడుతూనే లేసు అల్లుతోంది. మా పని తెలుసుకుని, "ఉంటాయండీ. మా వీధిలో ఒకాయన కళ్లారా చూశాడు" అంది.

"ఆయన్ని ఒకసారి కలవొచ్చాండీ?" అన్నాను.

"పోయాడండి పాపం, నాలుగేళ్లయింది."

అక్క నావైపు 'విన్నావా' అన్నట్టు చూసింది.

తణుకులో క్రాసింగ్ కోసం బండి ఆపేశారు. పది నిమిషాలన్నది ముప్పావుగంట అయింది. దెయ్యాలంటే భయపడే మనిషి, ఎక్కడ పన్నెండు దాటిపోతుందోనని కంగారు పడుతూ నిమిషానికోసారి టైమెంతని అడగడం నేనెప్పుడూ చూడలేదు.

పదింటికి నరసాపురంలో దిగాం. స్టేషన్ బయట బడ్డీలో దిబ్బరొట్టె తిన్నాం. అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా, పక్కన చెరుకు పానకం. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఇది మాత్రం వదలొద్దు. అక్క వద్దంటూనే ఒకటిన్నర తింది.

పదీ నలభైకి రేవులో పంటు ఎక్కాం. స్కూటర్లు, సైకిళ్లు, అరటి గెలలు, ఒక పెళ్లి బ్యాండు మేళం, అందరం ఒకే బల్లకట్టు మీద. డోలు పట్టుకున్నాయన అక్కకు తన పెట్టె జరిపి చోటిచ్చి, "కూర్చోండమ్మా, పెళ్లికేనా?" అన్నాడు.

"ఇంకా తెలీదు నాయనా" అంది అక్క.

అవతలి ఒడ్డున ఆటో. కొబ్బరితోటల మధ్య కాలవ గట్టు మీద అరగంట. ఇల్లు చేరేసరికి పన్నెండుకు పావుగంట తక్కువ. ఆనంద్ తల్లి శాంతమ్మగారు కళ్లద్దాలు సర్దుకుంటూ ఎదురొచ్చారు. భర్త పోయి చాలాకాలమైంది, కొడుకుతో ఉంటున్నారు. ఆనంద్ ఆసుపత్రి నుంచి ఇంకా రాలేదు. కుర్చీలు వేశారు, మజ్జిగ తెచ్చారు. అక్క కూర్చోలేదు.

"మీరేమీ అనుకోకండి. ముందు ఆ తోట చూడాలి" అంది.

"అనుకోవడానికేముందండీ. ఆడపిల్లనిచ్చేవాళ్లు అన్నీ చూసుకోరా? పెరట్లోంచి దారుంది, వెళ్తూ ఉండండి. పులుసు పొయ్యి మీదుంది, దించేసి వచ్చేస్తాను."

పెరటి గోడలో చిన్న తలుపు. అది తీస్తే సమాధుల తోట. నేను మా ఊళ్లో చూసిన వాటికంటే శుభ్రంగా ఉంది. సమాధులన్నిటికీ కొత్తగా సున్నం వేశారు. గోడ పొడవునా కాగితం పూలు. ఎండ నిటారుగా పడుతోంది, ఆకు కదలడం లేదు. అక్క పైట కొంగు తలమీద కప్పుకుని, ఒక్కొక్క రాయి మీద పేరు పైకి చదువుకుంటూ నడుస్తోంది. నేను వెనకాల నడుస్తూ, శరీరం, ప్రాణం, శక్తి అంటూ తరగతిలో చెప్పే పాఠమే చెబుతున్నాను.

అక్క ఒక రాయి దగ్గర ఆగింది. సరిగ్గా అప్పుడు నేలలోంచి ఒక గొంతు వచ్చింది.

"అమ్మాయ్! ఎండలో నిలబడ్డావేంటే?"

గొంతు మా కాళ్ల దగ్గర్నుంచే వచ్చింది. పక్కనే కొబ్బరాకులు పరిచి ఉన్నాయి. అవి కదిలాయి.

ఆ తర్వాత నేను చేసింది దాచకుండా రాస్తున్నాను. పరిగెత్తాను. అక్కను అక్కడే వదిలేసి పరిగెత్తాను. ఒక చెప్పు ఎవరిదో సమాధి దగ్గర జారిపోయింది. గోడ తలుపు దగ్గర, అప్పుడే ఇంటికొచ్చిన ఆనంద్‌ను గుద్దుకుని ఆగాను. వెనక్కి తిరిగి చూస్తే అక్క ఉన్నచోటే ఉంది. అంగుళం కదల్లేదు. గట్టిగా అడుగుతోంది:

"యేసు నామంలో అడుగుతున్నాను. ఎవరు నువ్వు? పేరు చెప్పు."

"ఏలియాని అమ్మా" అంది గొంతు తాపీగా. "నువ్వెవరి తాలూకు?"

ఆనంద్ నన్ను పక్కకు జరిపి పరుగున వెళ్లాడు. కొబ్బరాకులు తీశాడు. కింద నడుంలోతు గొయ్యి, చుట్టూ ఇటుక, సిమెంటు పూత, అడుగున తాటాకు చాప. చాప మీద ఎనభై దాటిన ఒక ముసలాయన. ఆనంద్ తాతగారి తమ్ముడట. ఆయుష్షంతా పంటు నడిపే సరంగుగా పనిచేశాడు.

"చుట్టాలొస్తారని చెప్పాను కదా తాతా. ఇవాళైనా ఇంట్లో పడుకోవచ్చు కదా" అన్నాడు ఆనంద్. గోతిలోకి దిగి, ఆయన చేతులు తన మెడ చుట్టూ వేయించుకుని, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు పైకెత్తి గట్టు మీద కూర్చోబెట్టాడు. జేబురుమాలు తీసి వీపు మీద ఇసుక దులిపాడు. అక్క అదంతా చూస్తూనే ఉంది.

"ఇక్కడ పడుకోవడమేంటి తాతగారూ?" అని అడిగింది.

ఆయన పక్క సమాధి చూపించాడు. "మా ఆవిడమ్మా. పోయి ఆరేళ్లయింది. పక్క చోటు ఎవరికైనా ఇచ్చేస్తారేమోనని నాకోసం ముందే కట్టించేశాను. మధ్యాహ్నం పూట ఇక్కడ చల్లగా ఉంటది."

"భయం వెయ్యదా?"

"ఎవర్ని చూసి? ఆవిడ బతికున్నప్పుడు భయపడ్డాను గానీ, ఇప్పుడేంటి?"

అక్క నవ్వింది. వారం రోజుల తర్వాత నవ్వడం అదే. ఈలోగా శాంతమ్మగారు గరిటెతోనే వచ్చి, జరిగింది విని, గోడకు ఆనుకుని కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు. నా చెప్పు ఆనందే తెచ్చి ఇచ్చాడు. ఒక్క మాట అనలేదు, పెదవి కూడా కదపలేదు. అంత ఓర్పున్న అల్లుడు ఇంకెక్కడ దొరుకుతాడని నాకప్పుడే అనిపించింది.

ఒంటిగంటకు భోజనం. కొరమీను పులుసు, గోంగూర రొయ్యలు, గడ్డపెరుగు. ఏలియాగారు అక్క పక్కన కూర్చుని మా వంశం మొత్తం ఆరా తీశారు. పెరుగన్నం దగ్గర అక్క శాంతమ్మగారిని సూటిగా అడిగేసింది, "నిజం చెప్పండి, ఉన్నాయా?" అని.

"ఆ సమాధులన్నిటికీ ఏటా సున్నం వేసేది నేనేనండి. ఉంటే ఒక్కళ్లైనా సాయానికొచ్చేవాళ్లు కదా!"

మూడున్నరకు బయలుదేరాం. ఏలియాగారు వాకిట్లోకొచ్చి అక్క తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. నాలుగుంపావుకు పంటు ఎక్కాం. పొద్దు వాలుతోంది, సముద్రం వైపు నుంచి చల్లటి గాలి.  అక్క నన్ను ఎగతాళి చేస్తుందని ఎదురుచూశాను. చెయ్యలేదు. చివరికి నేనే అడిగాను.

"నువ్వెందుకు పరిగెత్తలేదక్కా?"

"నన్ను 'అమ్మాయ్' అని పిలిచేది నాన్నొక్కడే కదరా" అంది. "నాన్న పోయినప్పుడు నేను సుజాతని కని ఆసుపత్రిలో ఉన్నాను. ఆఖరి చూపు లేదు. ఆ గొంతు వినగానే భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఎండలో నిలబడ్డావేంటే అంటే, నాన్నే అనుకున్నాను. అందుకే పేరడిగాను. నాన్నయితే చెబుతాడు కదా."

 పంటు రేవుకు తగిలే ముందు మళ్లీ తనే అంది.

"ఇన్నేళ్లలో నాన్న దగ్గరికి ఒక్కసారీ వెళ్లలేదు. శ్మశానమంటే భయమని చెప్పి తప్పించుకున్నాను. శుభలేఖలు అచ్చయ్యాక మొదటిది పట్టుకుని అక్కడికే వెళ్దాం. నువ్వూ రా. పరిగెత్తకు."

అయిదుంపావు బండికి బయలుదేరి ఎనిమిదిన్నరకు రాజమండ్రి చేరాం. సుజాత డ్యూటీ నుంచి నేరుగా స్టేషన్‌కే వచ్చేసింది. "ఏమైందమ్మా? ఉన్నాయా?" అంది. 

"ఒకాయన ఉన్నారు" అంది అక్క. "పెళ్లి ఎప్పుడని అడిగారు. తొందరగా పెట్టుకోమన్నారు."

సుజాతకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ప్లాట్‌ఫాం మీదే అక్కను పట్టుకుని ఏడ్చేసింది.

సమాధుల్లో దెయ్యాలుంటాయా అని పిల్లలు ఇప్పటికీ అడుగుతారు. లేవనే చెబుతాను. కాకపోతే, ఉన్నాయని నమ్మేవాళ్లు పిరికివాళ్లని మాత్రం ఇప్పుడు చెప్పను. లేవని తెలిసిన నేను పరిగెత్తాను. ఉన్నాయని నమ్మిన మా అక్క, ఆ ఎండలో, పేరు చెప్పేదాకా నిలబడింది.