ఇసుకలో మోయగలిగిన మూట

మా వదినమ్మ పోయిందన్న కబురు నాకు చేలో అందింది. పుష్యమాసం, ఎండ ఇంకా ముదరలేదు. మడికి నీళ్లు కడుతున్నాను. మా ఇంటిది గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చి, "మీ వదిన మిరపకాయల కాడ కూర్చున్నట్టే పోయిందయ్యా" అని అక్కడే కూలబడింది. నేను పోయి చూసేసరికి ఆమె వరండా స్తంభానికి ఆనుకొని అట్లాగే ఉంది. ముందర చాప, చాప మీద మజ్జిగలో ఊరబెట్టిన మిరపకాయలు. అవి ఇంటి కోసం కాదు, శివరాత్రికి నేపాళం పోయే యాత్రవాళ్ల కోసం. సగం ఎండబోసింది, సగం కుండలోనే ఉన్నాయి.

ఆ రోజు ఏడ్చాను. అయినా ఇప్పుడు రాస్తున్నది ఏడుపు రాత కాదు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకు పెద్ద మాటలు రావు. లోపల సంతోషం పొంగిపోతుంటే పక్కనోళ్లకు చెప్పినట్టు మీకు చెప్పుకుంటున్నాను, తప్పుపట్టకండి.

ఆమె మా అన్న భార్య. అన్న చిన్నవయసులోనే పోయినాడు, బిడ్డలు లేరు. మాది చిల్లకూరుకు తూర్పున, సముద్రపు హోరు వినపడే పల్లె. వదినమ్మ ఊళ్లో ముసలీముతకను వెంటబెట్టుకొని మొదట తిరుపతి, తరవాత రామేశ్వరం, ఆ తరవాత కాశీ తీసుకుపోయేది. కాశీలో ఎవరో పశుపతినాథుడి దాకా కొత్తగా రోడ్డు పడింది, బస్సులు పోతున్నాయని చెప్పారంట. ఇంటికి రాగానే నాతో, "అబ్బయ్యా, ఇంక పరదేశం పోతుండాం" అంది. చెన్నపట్నం కూడా సరిగా చూడని ఊరు మాది. పరదేశమంటే అందరూ నోరు తెరిచారు.

"వదినా, అక్కడి మాట మనకు రాదు గదా?" అన్నాను.

"వాళ్లకి మాత్రం మన మాట వస్తుందా? ఇద్దరికీ రానప్పుడు ఇద్దరమూ సమానమే గదబ్బా!"

యాత్రకు పేరిచ్చిన ప్రతివాళ్లకూ ఆమె ఒక పరీక్ష పెట్టేది. ప్రయాణానికి పది పదిహేను రోజుల ముందు, ఎవరి మూట వాళ్లు కట్టుకొని సముద్రం ఒడ్డుకు రావాలి. ఆ మూట నెత్తిన పెట్టుకొని మెత్తటి ఇసుకలో, అక్కడ ఆరేసిన వలల దాకా పోయి తిరిగి రావాలి. మధ్యలో దించినా, ఎవరి చేతికైనా ఇచ్చినా, మూట విప్పాల్సిందే. "ఇసకలో మొయ్యలేని మూట కొండలో మొయ్యలేవు" అనేది. జాలర్లు పని మానుకొని నవ్వుతూ చూసేవాళ్లు.

మొదటి నేపాళం యాత్రకు వెంకటాచలం వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆవిడ మూట ఆవిడకంటే లావు. వలల దాకా పోనేలేదు, ఇసుకలో చతికిలబడింది. వదినమ్మ మూట విప్పితే అందులోంచి ఒక చెక్కపీట బయటపడింది.

"పీట ఎందుకక్కా?"

"నేల మీద కూర్చుంటే నాకు నడుం పట్టేస్తాది మే!"

"పీట నీతో వస్తుండాదా, నువ్వు పీటతో పోతుండావా? అది ఇంట్లో పెట్టిరా. కావాలంటే నా మూట మీద కూర్చుందువు."

ఆవిడ మూతి ముడుచుకుంది గాని పీట తీసేసింది. ఈవిడ్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

మూటల పరీక్ష అయ్యాక అందరూ ఒడ్డున ఒక్కో గవ్వ ఏరుకోవాలి. ఎవరిది వాళ్లు ఆనవాలు పట్టేట్టు ఉండాలి. మనుషుల్ని వేలుపెట్టి లెక్కపెడితే ఆయుష్షు తగ్గుతుందని మా పెద్దలు ఒప్పుకోరు. లెక్కపెట్టకపోతే పరదేశంలో ఎవరు తప్పిపోయారో తెలియదు. అందుకని ఆమె ఒక ఇత్తడి చెంబు పెట్టింది. బసలోనుంచి బయటికి పోయేటప్పుడు ఎవరి గవ్వ వాళ్లు చెంబులో వేసిపోవాలి. తిరిగి రాగానే ఎవరిది వాళ్లు తీసుకోవాలి. చెంబులో గవ్వ మిగిలిందంటే ఒకరు ఇంకా బయటే ఉన్నట్టు. పొద్దున్నే ఆ చెంబును గలగలలాడించి అందర్నీ లేపేది కూడా.

మొదటిసారి మా పెద్దమ్మాయిని కూడా తీసుకుపోయింది. అప్పటికి దానికి పెళ్లి కాలేదు. పనికి సాయమని నాతో చెప్పింది గాని, ఆ పిల్లకు లోకం చూపించాలని ఆమె కోరిక. నేను మాత్రం ఏ యాత్రకూ పోలేదు. ఎప్పుడు పిలిచినా ఒకసారి నాట్లు, ఒకసారి కోతలు. అందుకని ఖాట్మండు సంగతులన్నీ నాకు మా అమ్మాయి చెప్పినవే.

కొండ మలుపుల్లో బస్సు తిరుగుతుంటే అందరికీ కడుపులో తిప్పేదంట. వదినమ్మ తలా ఒక ఎండు ఉసిరిముక్క బుగ్గన పెట్టించి, "లోయలోకి చూడబాకండి, డ్రైవరు జుట్టు చూడండి" అనేదంట. పశుపతి గుడిలోకి తోలు వస్తువు పోనివ్వరని, ఊళ్లోనే మగవాళ్ల నడుములకున్న తోలుపట్టీలు విప్పించి తలా ఒక గుడ్డసంచి కుట్టి ఇచ్చింది. ఆ చలిలో పాలు తోడుకోవని పెరుగుకుండను తన దుప్పట్లోనే పెట్టుకొని పడుకునేది. "పసిబిడ్డ మాదిరి తన్నుతుండాది" అని పొద్దున చెబితే అందరూ పడీపడీ నవ్వేవాళ్లంట.

నేను ఎన్నిసార్లు చెప్పించుకున్నా తనివితీరనిది నూనె కథ. మన ఉక్కలో కొబ్బరినూనె ఎప్పుడూ నీళ్లలాగే ఉంటుంది. అక్కడి చలికి సీసాలో తెల్లగా గడ్డకట్టింది. మన పీట ఆవిడ దాన్ని చూసి, ఎవరో నెయ్యి దాచుకొని తమకు పెట్టడం లేదనుకుంది. చెంచాతో తవ్వి వేడివేడి అన్నంలో వేసుకొని ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

"ఏందే ఇది, నెయ్యి నా తలకాయ వాసన వస్తుండాది!" అంది.

గదంతా గొల్లుమంది. ఆవిడకు కళ్లనీళ్లు తిరిగాయి. మా అమ్మాయి నవ్వు ఆపుకొని, తన పళ్లెం ఆవిడ ముందుకు జరిపి, ఆ నూనె అన్నం తను తీసుకుందంట. "నాకు తలకు రాసుకునే పని తప్పింది, తినండత్తా" అందంట. ఆవిడ ఒక్క నిమిషం పిల్ల ముఖంలోకి చూసి, "నీకు సంబంధాలు చూస్తుండారా?" అని అడిగింది.

ఆ వేసవిలోనే ఆవిడ కొడుక్కు మా పిల్లనిచ్చి చేశాం. పీట ఆవిడ నాకు వియ్యపురాలైంది. మంచి మనిషే, నోరు మాత్రం గట్టిది. పిల్లను పండక్కి పంపమంటే, "ఇంకా మీ పిల్లేంది అన్నయ్యా? దాని గోత్రం మారింది, ఇప్పుడు మా పిల్ల" అనేది. ప్రతిసారీ అదే మాట. నేను నవ్వేవాణ్ణి గాని, లోపల ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

సరే, ఈ పుష్యంలో వదినమ్మ పోయింది. కొడుకులు లేరు గనక కర్మ నేనే చేశాను. పెద్దకర్మ అయిన మరునాడు యాత్రకు పేరిచ్చినవాళ్లందరూ మా వరండాలో చేరారు. కర్మ చేసినవాడికి ఏడాది తిరిగేదాకా యాత్ర లేదు, గుడిమెట్టు లేదు. మా ఇంట్లో ఎవరూ కదలకూడదు. ఆమె కాకుండా తీసుకుపోయేవాళ్లు ఇంకెవరూ లేరు. మా ఊరి చాకలి తాత, పళ్లన్నీ ఊడినాయన, ముందే ఏరిపెట్టుకున్న గవ్వను గుప్పిట్లో పట్టుకొని, "వచ్చే శివరాత్రికి నేనుండొద్దా సామీ?" అన్నాడు. వదినమ్మ ఆయనకు మాట ఇచ్చింది. ఆమె మాట నా గడపలో ఆగిపోతున్నట్టనిపించింది.

అప్పుడు మా వియ్యపురాలు లేచి కొంగు బిగించింది. ఆవిడా ఈసారి మళ్లీ పేరిచ్చింది.

"ఏడాది మైల మీకు గదా అన్నయ్యా? నా కోడలికేంది? ఆ పిల్ల మా గోత్రం. దానికి మైల స్నానంతోనే పోయింది. పెద్దమ్మ వెంబడి దారంతా చూసినపిల్ల. అదే తీసుకుపోతుంది!"

పురోహితుడు కూడా తల ఊపాడు. మా అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నా వల్ల అవుతుందా అత్తమ్మా? పిల్లలు…"

"నీ మొగుడికి అన్నం వండను రాదా? నేర్చుకుంటాడులే. నాకు ఆ సామి దగ్గర ఇంకో మొక్కు ఉండాది, నన్ను ఎవురు తీసుకుపోతారు?"

ఇన్నేళ్లు నన్ను పొడిచిన మాటే ఆ పొద్దు మా వదిన మాటను నిలబెట్టింది. నాకు ఆవిడ కాళ్లకు మొక్కాలనిపించింది. వరసకు చెల్లెలవుతుందని ఊరుకున్నాను.

మిగిలిన మిరపకాయలు మా అమ్మాయే ఎండబెట్టింది. అందర్నీ ఇసుకలో నడిపించింది. బయలుదేరే రోజు అందరూ చెంబులో గవ్వలు వేశారు. అందరికంటే చివర అది తన గవ్వ వేసి, ఆ పక్కన వదినమ్మ గవ్వ కూడా వేసింది, అంచున ఊదారంగు గీత ఉన్న గవ్వ.

వాళ్లు పోయినన్నాళ్లు నేను తిన్నది ఏమిటో నాకు గుర్తులేదు. రోజూ సాయంకాలం దారిలోకి వచ్చి నిలబడేవాణ్ణి. మా ఇంటిది, "నేపాళం మన చింతతోపు ఎనక ఉండాదా, అట్టా చూస్తుండావు?" అనేది.

తిరిగొచ్చిన రోజు గూడూరు స్టేషనుకు బండ్లు కట్టుకొని పోయాం. రైలు ఆగీ ఆగకముందే మా వియ్యపురాలి గొంతు వినపడింది.

"అన్నయ్యా, శివరాత్రి జనంలో నేను తప్పిపోయినా!"

అది గర్వంగా చెప్పడం ఆవిడకే చెల్లింది. గుడి దగ్గర జనం తోపులాటలో ఆవిడ ఒక్కతే విడిపోయింది. బసలో చెంబులో ఆవిడ గవ్వ మిగలడం చూసి మా అమ్మాయి వెంటనే వెతకడానికి పోయింది. వదినమ్మ ఎప్పుడూ ఒకటి చెప్పేది: "తప్పిపోయినోళ్లు నిలబడాల, ఎతికేవాళ్లు తిరగాల. ఇద్దరూ తిరిగితే ఇద్దరూ తప్పిపోయినట్టే." ఆవిడ ఆ మాట పట్టుకొని, నదిమెట్ల పైన ఒక రాతిసింహం పక్కన నిలబడిందంట. సాధువులు తోసినా కదల్లేదు, నడుం పట్టేసినా కూర్చోలేదు.

"పీటన్నా లేకపోయె!" అంది వియ్యపురాలు.

"ఉండుంటే దాని మీద నిద్రపోయుందువు అత్తమ్మా, నాకు కనపడకుండా పోయుందువు" అంది మా అమ్మాయి. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నా బిడ్డ కాలికి చలిపగుళ్లు, గొంతు బొంగురు, ముఖంలో మాత్రం మా వదినమ్మ ధీమా. ప్లాట్‌ఫారం మీదే నేను గట్టిగా, "నా కూతురు! పరదేశం పోయి అందర్నీ తీసుకొచ్చింది!" అని అరిచాను. పోర్టర్లు తిరిగి చూశారు. చూడనీ!

చాకలి తాత మొదట తన గవ్వ తీసుకున్నాడు. తరవాత ఒక్కొక్కరు. చివరికి చెంబులో ఊదాగీత గవ్వ ఒక్కటే మిగిలింది.

"అది అట్టాగే ఉండనీ నాయనా. పెద్దమ్మ ఇంకా తిరుగుతుండాది" అంది మా అమ్మాయి. "ఏడాది తిరిగాక నువ్వూ వస్తుండావు. నీ గవ్వ ఏరుకో."

ఆ మాట పట్టుకొని నిన్న పొద్దున సముద్రం ఒడ్డుకు పోయాను. ఇంకా బోలెడు నెలలున్నాయి, అయినా ఉండబట్టలేదు. దుప్పటి, పంచెలు, నీళ్లచెంబు, దిండు అన్నీ మూటగట్టి నెత్తిన పెట్టుకున్నాను. వలల దాకా సగం దూరం కూడా పోలేదు, ఆయాసం వచ్చింది. ఒక జాలరి అటునుంచి, "ఏంది పెద్దాయనా, నేపాళమా?" అని కేకేశాడు. మూట దించి, విప్పి, దిండు తీసి ఇసుక మీద పెట్టాను. మళ్లీ కట్టి నెత్తిన పెట్టుకొని నడిచాను. వలల దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, మెత్తటి ఇసుకలో నా అడుగులు వరసగా ఉన్నాయి. వాటికి అవతల ఎండలో తెల్లగా ఆ దిండు, దాని మీద ఒక కాకి దర్జాగా కూర్చొని ఉంది.