వాసన చూడని సంపెంగ

మా బావతో నర్సరీకి వెళ్లడం కంటే జాతరలో తప్పిపోయిన మేకను వెతుక్కోవడం సుఖం. మేక ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మా బావకి సంపెంగ మొక్క దొరకదు.

బావ అంటే నా మొగుడే, కూర్మనాథం. మేనత్త కొడుకుని చేసుకున్నాను కాబట్టి చిన్నప్పటి పిలుపే ఇప్పటికీ మిగిలింది. నా పేరు ప్రసూనాంబ. మాది నెల్లిమర్ల. బావ జూట్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు గానీ, మిల్లు ఆయనకి ఎప్పుడూ రెండో పనే. మొదటిది గుడి. మా వీధి చివర వేణుగోపాలస్వామికి దండ కట్టడం వాళ్ల వంశం పని. తెల్లవారుజాము షిఫ్టు ఉన్నా సరే, ముందు స్వామి దండ, తరవాతే మిల్లు. జ్వరం వచ్చిన రోజున కూడా దుప్పటి కప్పుకుని, అరటినార చేతబట్టి కూర్చునే మనిషి. మెచ్చుకుందామనే అనుకుంటాను. ఆ లోపలే ఏదో ఒకటి చేసి నా ఒళ్లు మండిస్తాడు.

ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. స్వామికి ఇచ్చే పువ్వు వాసన చూడకూడదు. చూస్తే ఎంగిలి. చాలా ఇళ్లలో ఉన్నదే, కాదనను. కానీ మా బావ పట్టుకున్నట్టు దాన్ని ఇంకెవరూ పట్టుకుని ఉండరు. పూలు కోసేటప్పుడు ముక్కుకి తువ్వాలు కట్టుకుంటాడు. కరోనా రోజుల్లో ఊరంతా మాస్కులతో ఊపిరాడక ఆపసోపాలు పడుతుంటే, ఈయన మాత్రం హాయిగా తిరిగాడు. అలవాటే కదా మరి! ఇంట్లో ఎవరైనా పూలబుట్ట మీదకి వంగితే చాలు, పాముని చూసినట్టు కేకలు పెడతాడు.

మా వంటింటి వెనక పెద్ద సంపెంగ చెట్టు ఉండేది. అది పూసిన పువ్వల్లా స్వామికే. గాలికి వచ్చే వాసన తప్పు కాదు గనక అంతమటుకు మాకు దక్కేది. ఒక్క పువ్వు చేతిలోకి తీసుకుని గుండె నిండా పీల్చడం గానీ, తలలో పెట్టుకోవడం గానీ నేనెరగను. మా పుట్టింట్లో సంపెంగ లేదు. స్వామి మెడలోంచి తీశాక ఇస్తారు కదా అంటారేమో, అప్పటికి అవి కమిలిపోయి నల్లగా ఉండేవి. పోనీ బజారులో కొనుక్కుందామంటే "స్వామికెట్టకుండా నీకేటే?" అని ఒక చూపు చూసేవాడు. ఆ చూపు ముందు నా నోరు లేచేది కాదు. మిగతా అన్నిటికీ లేస్తుంది, అది వేరే సంగతి.

ఆ చెట్టు తుపానుకి కూలిపోయింది. అప్పటినుంచి స్వామికి సంపెంగ దండ లేదు. బజారు పువ్వుకి ఎవరి ముక్కు తగిలిందోనని బావ బెంగ. పెరట్లో బోరు, బాత్రూము, మామిడిచెట్టు పోగా ఇంకొక్క చెట్టుకే చోటు మిగిలింది. విత్తు మొక్క పూతకి రావాలంటే ఏళ్లు పడుతుంది. ఈయనకి ఇప్పటికే వేళ్లు వణుకుతున్నాయి, ముడి ఒక్కోసారి జారిపోతోంది. నార పట్టుకునే ఓపిక ఉండగానే మళ్లీ సొంత చెట్టు పువ్వుతో దండ కట్టాలి. అదీ ఆయన కోరిక. అంటుమొక్కే గతి.

సరే, కిందటేడు ఒక్కడే వెళ్లి ఒక అంటుమొక్క తెచ్చాడు. ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఆకు చూశాడు, కాండం చూశాడు, రంగు చూశాడు. బంగారం రంగు పువ్వు, కంటికి ఎంత బావుందో! వాసన మాత్రం సున్నా. పూత మొదలైన వారానికే నాకు అనుమానం వచ్చింది.

"బావా, గాలికి ఏటీ తెలీటం లేదేటి?" అన్నాను.

"గాలి ఇటు లేదే."

మర్నాడు గాలి ఇటే వచ్చింది. "లేత సెట్టు కదే" అన్నాడు. ఆ తరవాత వానలన్నాడు, మట్టన్నాడు, బోరు నీళ్లన్నాడు. వాటన్నిటికీ దోషం ఉంది గానీ ఈయనకి లేదు. చెట్టు దగ్గరకెళ్లి ఒక్కసారి పీల్చి చూస్తే తేలిపోయే ముచ్చటకి నెల రోజులు వాదన! తల బాదుకోవడం ఒక్కటే తక్కువ.

చివరికి మంచి రోజు చూసి దండ కట్టి పట్టుకెళ్లాడు. పూజారి జగన్నాథంగారు దండ వేసి, హారతి ఇచ్చి, బయటికి వచ్చి అడిగారట. "కూర్మనాథం, సంపెంగ దండ వేస్తే ధ్వజస్తంభం దాకా గుప్పున రావాలి కదయ్యా. ఇవి సంపెంగలేనా?" బావ ఇంటికొచ్చి అన్నం తినలేదు. గునపం తీసుకుని ఆ మొక్కని తనే పెకలించాడు. కోపం ఎప్పుడూ నా ముక్కు మీదే ఉంటుంది గానీ, ఆ రోజు రాలేదు. జాలేసింది.

ఆ జాలితోనే ఈ ఏడు ఆయన వెంట శృంగవరపుకోట నర్సరీకి బయల్దేరాను. అదీ నేను చేసిన పొరపాటు.

నర్సరీ ధనరాజ్‌ది. మంచివాడే, ఓపికమంతుడు. ముందు మా ఇద్దరినీ ఒక నున్నటి ఆకుల మొక్క దగ్గరకి తీసుకెళ్లాడు. తెల్లటి పువ్వు, పళ్లెమంత ఉంది.

"మేగ్నోలియా అంతారు మావా. ఇదీ సంపెంగ జాతే. టౌనోలందరూ ఇదే అట్టుకెల్తన్నారు."

"పల్లెమంత పువ్వుని దండలో ఎలగ కడతార్రా?" అన్నాడు బావ.

తరవాత తెల్ల సంపెంగ చూపించాడు. స్వామికి పసుపుపచ్చదే కావాలన్నాడు బావ. ధనరాజ్ పసుపుపచ్చవి వరసగా పెట్టాడు, అన్నీ పూత మీదున్నవే. బావ తువ్వాలు బిగించి ఆకులు తిప్పడం మొదలుపెట్టాడు. మళ్లీ ఆకులు! నాకు తిక్క రేగింది.

"ఆకు కాదు బావా, వాసన సూడు."

"స్వామికి అనుకుని వచ్చినాం. అనుకున్న కాడినుంచి అది ఆయన్దే. నాను ముక్కెట్టకూడదు."

"అయితే ధనరాజ్ సూస్తాడు."

ధనరాజ్ తల అడ్డంగా ఊపాడు. "పొద్దస్తమానం ఈ పూలల్లోనే కదత్తా. నా ముక్కు ఎప్పుడో సచ్చిపోనాది. ఏది మంచిదో నాను సెప్పలేను."

బావ మళ్లీ ఆకు తిప్పాడు. కాండం గోటితో గీకాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంకో ఏడు, ఇంకో మొక్క, ఇంకోసారి గునపం, ఇంకోసారి అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకోవడం అన్నీ నా కళ్లముందు ఆడాయి. ఇక నా వల్ల కాలేదు. చివర ఉన్న మొక్క నుంచి ఒక పువ్వు తుంచాను.

"ఒసే! ఏటి సేస్తన్నావే!"

ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాను.

ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, మంటతో. ఇంత గొప్పది ఇన్నేళ్లూ నా వంటింటి వెనకే ఉండి నాకు లేకుండా పోయింది కదా అని.

"పాడు సేసినావు" అన్నాడు బావ. "ఈ సెట్టు ఇంక స్వామికి పనికిరాదు."

"ఒక్క పువ్వుకి సెట్టంతా ఎంగిలా? నాకీ ముక్కు ఇచ్చినోడు ఆయన కాదేటి? ఆయనకి లేని పట్టింపు నీకేటి? పెళ్లయిన కాడినుంచీ ఒక్క పువ్వు అడిగితే ఒక్కటంటే ఒక్కటి ఇచ్చినావా?" నలుగురూ చూస్తున్నారని కూడా నాకు తోచలేదు. ధనరాజ్ మెల్లగా నీళ్ల పైపు వైపు జారుకున్నాడు.

బావ తువ్వాలు కిందికి లాగి నా మొహంలోకే చూశాడు.

"ఎలగున్నాదే?" అన్నాడు చిన్నగా.

"నాను సెప్పను. కావాలంటే నువ్వే సూసుకో."

పువ్వు చాపాను. చెయ్యి చాపలేదు మనిషి. ఇక ఆకుల దగ్గరకే పోతాడనుకున్నాను. ధనరాజ్ వైపు తిరిగాడు.

"ధనరాజూ, ఈ సివరి మొక్క కట్టు." తరవాత నాతో అన్నాడు. "ఇది నీది. పెరట్లో ఆ సోటు నీకే."

"మరి స్వామి దండ?"

"నందివర్ధనాలు కడతాను. తులసి కడతాను. నీదని అన్నాను కదే, నసపెట్టకు."

అప్పటికీ విసుక్కుంటూనే అన్నాడు. ఆ మాట అయ్యాక నా చేతిలోంచి పువ్వు తీసుకున్నాడు. స్వామిది కాదు గనక ఇక భయం లేదు కాబోలు, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు.

"బావా" అన్నాను.

"ఒసే" అన్నాడు కళ్లు తెరవకుండానే, "ఇన్నాల్లూ నాను స్వామికిచ్చింది ఇదా?"