కంగ్టి కందుల్లో రెండు పాత బస్తాలు

2023 జనవరి. నారాయణఖేడ్‌లోని ఒక కొనుగోలు కేంద్రంలో నేను క్వాలిటీ గ్రేడర్‌ని. రైతులు తెచ్చిన కందుల్లో తేమ, చెత్త, పురుగు తిన్న గింజల శాతాలను కొలిచి, కొనదగినవో కావో తేల్చడం నా పని. తేమను మాయిశ్చర్ మీటర్ చెబుతుంది. అది పన్నెండు శాతం దాటితే నిల్వలో బూజు పడుతుంది కనుక తీసుకోము.

కంగ్టి వైపు నుంచి శివమ్మ అనే రైతు నాలుగు బస్తాలు తెచ్చింది. మీటర్ 13.4 చూపింది.

“ఎండబెట్టుకొని రామ్మా.”

“యాడుంది సార్ ఎండ? మబ్బు వట్టి మూడొద్దులాయె. రేపటితోని సెంటర్ బంద్ అంటుండ్రు. ఇగ సేటు చెప్పిందే ధర.”

అప్పటికే విసిగిపోయి ఉన్నాను. అయినా వివరించడం నా అలవాటు. మీటర్ చూపేది సగటు అనీ, బాగా ఎండిన గింజలు ఎక్కువుంటే అంకె దిగుతుందనీ చెప్పాను.

మర్నాడు ఆమె ఆరు బస్తాలతో వచ్చింది. ఈసారి 11.9. గింజలను అరచేతిలో పోసుకొని చూస్తే, కొన్నింటికి బూడిద అంటి ఉంది. ఇంట్లో ఏడాదంతా పప్పుకు వాడుకునే కందులను ఇక్కడ బూడిద కలిపి కాగుల్లో దాస్తారు.

“ఇవి తినేటివి కదమ్మా?”

“తినేటివే. ఎండినయి కలిస్తే నంబర్ దిగుతదని నువ్వే చెప్తివి. దిగిందా లేదా?”

పక్కనే ఉన్న హమాలీ నవ్వాడు. “సార్, అవ్వ నీ మిషిన్‌కే పరీక్ష వెట్టింది!”

పురుగు, చెత్త పరిమితుల్లోనే ఉన్నాయి. కాదనడానికి ఏ నిబంధనా లేదు. ఆరు బస్తాలూ తూకమేసి, కుట్టి, లారీకెక్కించారు.

సాయంత్రం మీటర్ తుడుస్తుండగా తట్టింది. కలిపిన తర్వాత ఏ బస్తా తీసినా అదే 11.9. నాలుగు మాకిచ్చి, రెండు ఇంటికి తీసుకుపొమ్మంటే ఆమెకు ఏ నష్టమూ ఉండేది కాదు. సగటు గురించి అంత వివరంగా చెప్పినవాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పలేదు. లారీ అప్పటికే వెళ్లిపోయింది.

ఆషాఢంలో బస్ డిపో దగ్గరి కిరాణా కొట్టులో శివమ్మ కనిపించింది. పావుకిలో కందిపప్పు కొంటోంది.

“బాగున్నవా సార్? గీ పప్పుకు బూడిద కడిగే పని లేదు,” అని నవ్వింది.

ఆ రెండు బస్తాల సంగతి ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు మీటర్ తెరిచేముందు ప్రతి రైతునూ అడుగుతాను, ఇంటికి ఎన్ని ఉంచుకున్నారని. కొందరు చెబుతారు. చాలామంది లైన్ జల్దీ కదలనియ్యమంటారు.